బూడిద తేటకూ లెక్క కావాలి

అస్సాం పల్లెల్లో భీమ్‌కోల్ అరటి తొక్కను ఎండబెట్టి కాల్చి, ఆ బూడిదలో నీళ్లు పోసి వడగట్టగా దిగే గోధుమరంగు తేటను కోలాఖార్ అంటారు. అది అక్కడి కూరల్లో పడుతుంది, బట్టలనూ శుభ్రం చేస్తుంది. దిబ్రూగఢ్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తలు 2015లో అలాంటి అరటి బూడిద తేటలోనే కర్బన అణువులను ఒకదానితో ఒకటి జోడించే సుజుకి–మియౌరా అనే రసాయన చర్యను నడిపి, విడిగా క్షారం గానీ లిగాండ్ (ఉత్ప్రేరక లోహానికి అతుక్కుని దానికి తోడ్పడే పదార్థం) గానీ సేంద్రియ ద్రావణి గానీ కలపకుండా, గది ఉష్ణోగ్రత వద్దనే బెంజీన్ వలయాలను జతచేసి చూపారు. వరిగడ్డి బూడిదతోనూ అదే ఏడాది ఆ పని సాధించారు. 2010 నోబెల్ బహుమతి పొందిన ఈ చర్య లోసార్టాన్ వంటి రక్తపోటు మందుల తయారీలో పనికొచ్చేది కాబట్టి, ద్రావణుల వ్యర్థాలతో పటాన్‌చెరు పరిసరాల్లోని చెరువులు ఏమయ్యాయో చూసిన మనం ఈ పరిశోధనను మనసారా స్వాగతించాలి.

స్వాగతించినంత మాత్రాన లెక్కలు అడగకూడదని కాదు. తేట క్షారం బాధ్యతను మోస్తుందే తప్ప, ఈ చర్యకు ఉత్ప్రేరకమైన ఖరీదైన పల్లాడియం లోహం అవసరాన్ని తప్పించదు. చర్య నీటిలో ముగిసినా, తయారైన పదార్థాన్ని విడదీయడానికి ఈథరో ఇథైల్ ఎసిటేటో చాలాసార్లు తప్పదు.

పైగా బూడిదలన్నీ ఒకటి కావు. అరటి బూడిదకు బలం పొటాషియం కార్బొనేట్. మన రైస్ మిల్లుల బాయిలర్ల నుంచి గుట్టలుగా వచ్చే ఊక బూడిదలో సింహభాగం సిలికా, దాని తేటలో క్షారం అంతగా దిగదు. ఏ బూడిదకు జిడ్డు వదులుతుందో అంట్లు తోమిన ఇల్లాలికి ఎప్పుడో తెలుసు. నేల, ఎరువు, కాల్చిన వేడిని బట్టి ఒకే పంట బూడిద సైతం మారుతుంది గనుక, మందుల కర్మాగారం దాన్ని నమ్మాలంటే ప్రతి విడతకూ క్షారత, పొటాషియం, భారలోహాల కొలతలు ఉండి తీరాలి.

గెల కోసిన తర్వాత కడప, కోనసీమ తోటల్లో మిగిలే అరటి బోదెలను ఇందుకోసం ఆరుబయట తగలబెడితే మాత్రం అసలుకే మోసం. దేశానికి కావలసిన పొటాష్ ఎరువు దాదాపు అంతా దిగుమతే. బోదె చేలోనే కుళ్లితే తిరిగి నేలకు దక్కే పొటాషియాన్ని కాల్చి, ఒక్కసారి వాడి, మురుగులో పోయడం పర్యావరణ హితం అనిపించుకోదు. వాడిన తేటను మళ్లీ చేనుకు మళ్లించాలన్నా అందులో పల్లాడియం ఎంత మిగిలిందో ముందు తేల్చాలి. పరిశోధన పత్రాల్లో దిగుబడి శాతం పక్కనే ఈ మిగులు పల్లాడియం అంకె కూడా కనిపించాలని, నిధులిచ్చే సంస్థలు దాన్ని షరతుగా పెట్టాలని కోరుతున్నాం.