చక్రం తిప్పలేని మెయిన్ వాల్వు గారికి

మహారాజశ్రీ మెయిన్ గేట్ వాల్వు గారికి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కుదరలేదు. కుశలమంతా మీ వైపే ఉంది. మా వైపు పరుపు ఇంకా ఎండలోనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం సంగతి మీకు చెప్పక్కర్లేదు. మేడమీది టాంకులోని ఆ నీళ్లన్నీ తమరి కడుపులోంచే దిగొచ్చాయి. వాష్‌బేసిన్ కింద కనెక్షన్ పైపు పగిలింది. పైకి స్టీలు తీగతో జడ అల్లుకుని మహా గట్టిగా కనిపిస్తుంది గానీ లోపల ఉండేది సన్నటి రబ్బరు గొట్టమే. ఆ జడ మీద తుప్పు చుక్కలు వచ్చి చాలా కాలమైంది. అంటే అది చెబుతూనే ఉంది, మేమే వినలేదు. కాబట్టి దాన్ని ఏమీ అనను. దాని పక్కనున్న యాంగిల్ కాక్ అనే చిన్న కుళాయి కట్టేద్దామని తిప్పితే ప్లాస్టిక్ పిడి ఊడి చేతిలోకి వచ్చింది. దానికి వేరే ఉత్తరం రాస్తాను.

పిడి చేతిలో పట్టుకుని కూడా నేను కంగారు పడలేదండీ. పైన పెద్దాయన ఉన్నారు కదా అనుకున్నాను. మీరు ఉన్నారన్న ధైర్యంతోనే 11 ఏళ్లుగా ఊరెళ్లినా, పడుకున్నా నిశ్చింతగా ఉన్నాం. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి మేడమీదికొచ్చాను.

టాంకుకీ పిట్టగోడకీ మధ్య సందులో తమరి కొలువు. ఎర్ర రంగు చక్రం, అరచేతిలో సరిగ్గా ఇమిడేంత. మిమ్మల్ని అక్కడ బిగించిన మహానుభావుడి చేతికి వేళ్లున్నాయి గానీ కణుపులు లేవనుకుంటాను. సగం చుట్టు తిప్పేసరికి గోడ తగులుతుంది. నాకు మాత్రం ఆ సగం చుట్టు కూడా దక్కలేదు. కుడివైపు తిప్పాను, కదల్లేదు. గుడ్డ వేసి తిప్పాను, గుడ్డ తిరిగింది. రెండు చేతులతో పట్టి, కాలు గోడకు తన్నిపెట్టి తిప్పాను. నా నడుం తిరిగింది.

కింద మా ఆవిడ 20 లీటర్ల బకెట్ పెడితే నిమిషంలో నిండిందట. టాంకు వెయ్యి లీటర్లు. అంటే 50 నిమిషాల్లో ఒక టన్ను నీళ్లు మా పడకగదిలోకి దిగుతాయన్నమాట. లెక్కలు నాకు ఎప్పుడూ ఇంత త్వరగా రాలేదు.

అప్పుడే తప్పు చేశాను. పైపు పానా తెచ్చి మీ చక్రానికి తగిలించాను. ఒక్క గుంజు గుంజేసరికి లోపలెక్కడో టిక్కుమంది. ఆ తర్వాత మీరు తిరిగారు చూడండీ! వెన్నలో కత్తి దిగినట్టు, వేలితో తోస్తే తిరిగేంత మెత్తగా. సంతోషం పట్టలేక కిందికి కేకేశాను.

"తిరిగింది!"

"ఆగలేదండీ!"

"అదే, తిరిగిందీ అంటున్నా!"

"ఆగిందా అని అడుగుతుంటే తిరిగింది అంటారేంటండీ!"

ఇంకో పది చుట్లు తిప్పాను. ఇంకో పాతిక. గేట్ వాల్వు అంటే లోపల చిన్న తలుపు ఉంటుంది, చక్రం తిప్పేకొద్దీ అది కొంచెం కొంచెంగా కిందికి దిగి దారి మూస్తుంది, అందుకే చాలా చుట్లు తిప్పాలి అని ఎక్కడో చదివిన గుర్తు. ఆ జ్ఞానం పట్టుకుని తిప్పుతూనే ఉన్నాను. మీరూ విసుగు లేకుండా తిరుగుతూనే ఉన్నారు. ఎక్కడో కూర్చుని చక్రం తిప్పేవాళ్ల గురించి వినడమే గానీ, చక్రం ఎంత తిరిగినా ఏమీ జరగని పెద్దమనిషిని చూడ్డం ఇదే మొదలు.

ఆలోగా కింద నేల మీదున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు దగ్గరికి నీళ్లు చేరకముందే మా అమ్మాయి మెయిన్ స్విచ్ దించేసింది. ఆ రోజు మా ఇంట్లో చెప్పిన మాట విన్నది ఆ ఒక్క స్విచ్చే. మా ఆవిడ బాత్రూముల్లో కుళాయిలన్నీ బార్లా తెరిచింది. ఎలాగూ పోయే నీళ్లు పడకగదిలోకి కాకుండా కాలువలోకి పోనిమ్మని. నిజంగానే పగిలిన చోట జోరు తగ్గింది. ఆ తెలివి నాది కాదని ఇక్కడ ఒప్పుకోవాలి. నేను పైన మీతో పాతిక చుట్ల దగ్గరున్నాను.

చివరికి టాంకు మూత తీసి, పాత తువ్వాలు ఉండ చుట్టి, నడుం దాకా లోపలికి వంగాను. అప్పటికి నీళ్లు సగానికి దిగాయి. గడ్డం నీళ్లలో, ఒక చెయ్యి అడుగున, ఆవిడ వెనక నా కాళ్లు పట్టుకుని. అపార్థం చేసుకోకండి, జారిపోకుండా. పైపు నోరు చేతికి దొరగ్గానే తువ్వాలుని అదే లాక్కుంది. చప్పుడు ఆగింది. చివర కొంచెం బయటికి వదిలాను కాబట్టి సరిపోయింది, లేకపోతే మొత్తం మింగేసి లైనులో కూర్చునేది. ఇత్తడితో పోతపోసిన తమరు చేయలేని పని తుండుగుడ్డ చేసింది.

పది నిమిషాల్లో వస్తానన్న ప్లంబరు మర్నాడు పదకొండింటికి వచ్చాడు. ఆయన పది నిమిషాల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. మిమ్మల్ని ఊడదీయాలంటే టాంకు ఖాళీగా ఉండాలన్నాడు. నేను గడ్డం ముంచి కాపాడిన సగం టాంకు నీళ్లనీ మా చేతులతోనే ఒలకబోశాం. మీ వీడ్కోలు సభకి అదీ ఖర్చు.

విప్పి చూపించాడు. మరల మీద సున్నం గారలా పట్టేసింది. తలుపు పైనెక్కడో కరుచుకుపోయింది. దాన్ని కిందికి దించాల్సిన కడ్డీ, అదే స్పిండిల్, విరిగింది. విరిగిన చోట ఇత్తడి పసుపు లేదు, గులాబీ రంగులో ఉంది. ఏళ్ల తరబడి నీళ్లలో ఉంటే ఇత్తడిలోని జింకు కరిగిపోతుందట, రాగి మాత్రం బోలుగా మిగులుతుందట. గోటితో గీకితే పొడి రాలింది. అంటే పానా పడకముందే తమరు లోపల బోలు. పైన మాత్రం ఎర్ర రంగు.

నీకున్నది ఒక్క పని. వినపడుతోందా? ఒక్కటే! కుళాయిలాగా రోజుకి యాభైసార్లు తిరగమన్నామా? మోటారులాగా అర్ధరాత్రి లేచి పనిచేయమన్నామా? 11 ఏళ్లలో ఒక్క రోజు, ఒక్కసారి మూసుకోమన్నాం. ఆ ఒక్కసారికే చేతులెత్తేశావు. అదైనా నిజాయితీగా ఎత్తావా? "నావల్ల కాదు" అని బిగుసుకునే ఉంటే పదిహేను నిమిషాల ముందే తువ్వాలు వెతుక్కునేవాణ్ని. తిరుగుతూ నన్ను నమ్మించావు చూడూ, అది నేను మర్చిపోను.

క్షమించాలి. నోరు జారింది.

ప్లంబరు అడిగాడు, "దీన్ని ఎప్పుడైనా తిప్పారా సార్?" అని. నేను కిటికీ బయటికి చూశాను. ఆరు నెలలకోసారి పూర్తిగా మూసి తెరుస్తూ ఉంటే మరలు పట్టేయవట. తెరిచేటప్పుడు చివరిదాకా బిగించేయకుండా పావు చుట్టు వెనక్కి తేవాలట. బిగుసుకుంటే ముందుకీ వెనక్కీ కొంచెం కొంచెంగా కదిలించాలి గానీ పానా అసలు వేయకూడదట. ఇవన్నీ ఆయన చెబుతుంటే మా ఆవిడ నన్నే చూస్తోంది. 11 ఏళ్లలో నేను మీ దగ్గరికి వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ గాలిపటం దారం మీ చక్రానికి చిక్కుకుంటే విప్పడానికి.

మీ స్థానంలో బాల్ వాల్వు వచ్చింది. చక్రం లేదు, పిడి. పావు చుట్టుతో సరి. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. దూరం నుంచి చూసినా తెలుస్తుంది, మీలాగా మనసులో మాట దాచుకునే రకం కాదు. కాకపోతే వాడకపోతే ఇదీ బిగుసుకుంటుందట. అందుకని గోడకీ దీనికీ మధ్య నా పిడికిలి పట్టేంత ఖాళీ ఉందో లేదో చూసి మరీ పెట్టించాను. వారం రోజుల్లో నాలుగుసార్లు వెళ్లి తిప్పొచ్చాను. మొన్న మా అమ్మాయి తలకి షాంపూ పెట్టుకున్న సమయంలో ఒకసారి. దాని గురించి ఇంట్లో ఇంకా మాటలు నడుస్తున్నాయి.

మిమ్మల్ని పాతసామానులో వేయడానికి చెయ్యి రాలేదు. నా టేబుల్ మీదే ఉన్నారు, కరెంటు బిల్లుల మీద బరువుగా. ఫోను మాట్లాడుతూ తెలియకుండానే మీ చక్రం తిప్పుతుంటాను. ఇప్పటికీ ఎంత మెత్తగా తిరుగుతోందో.

ఇట్లు,
తమరిని నమ్ముకున్న ఇంటి యజమాని

తా.క.: యాంగిల్ కాక్ పిడి నా చొక్కా జేబులోనే ఉండిపోయి బట్టలతోపాటు ఉతుకులో పడింది. వాషింగ్ మెషీన్ నీళ్లు వదలడం లేదు. ప్లంబరుకి ఫోన్ చేశాను. పది నిమిషాల్లో వస్తానన్నాడు.