స్మార్ట్ క్లాస్‌రూమ్ అట!

నల్లబల్ల పీకేసి 75 అంగుళాల టచ్ తెర ప్యానెల్ బిగించగానే గది స్మార్ట్ అయిపోతుందా? దాని తెర ఎత్తు దాదాపు 93 సెంటీమీటర్లే. స్లైడు మీద అక్షరాలు ఇబ్బంది లేకుండా చదవాలంటే ఆ ఎత్తుకు ఆరు రెట్ల దూరంలోపు, అంటే ఐదున్నర మీటర్లలోపు కూర్చోవాలి. ఆఖరి బెంచీ పది మీటర్ల అవతల! అక్కడికి చీమల బారు తప్ప ఏం కనపడుతుంది?

ఇక లాప్‌టాప్‌ను ప్యానెల్‌కి కలిపే హెచ్‌డీఎంఐ కేబుల్. గోడలోంచి 15 మీటర్లు లాగేస్తారు. మామూలు రాగి కేబుల్ అంత దూరం 4కే (అతి స్పష్టమైన బొమ్మ) సిగ్నల్‌ను నమ్మకంగా మోయలేదు, తెర ఉండుండి నల్లబడుతుంది. నింద మాత్రం లెక్చరర్ లాప్‌టాప్ మీద. పోనీ బొమ్మ వచ్చిందనుకుంటే టచ్ పనిచేయదు. హెచ్‌డీఎంఐలో వెళ్లేది బొమ్మా, శబ్దమే. టచ్‌కి వేరే యూఎస్‌బీ కేబుల్ కావాలి. అదెవరి బీరువాలో ఉందో దేవుడికే ఎరుక.

క్లాసులో 60 మంది అంటే ఫోను, లాప్‌టాప్ కలిపి 120 పరికరాలు. వాటన్నిటికీ వరండాలో ఒకే ఒక్క వైఫై యాక్సెస్ పాయింట్! ఆన్‌లైన్ క్విజ్ మొదలవగానే సగం మందికి చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఛార్జింగ్‌కి ప్లగ్ పాయింట్లు గోడకు రెండు. ప్యానెల్‌కి పోసిన డబ్బులో కాస్త కేబుళ్లకీ, సాకెట్లకీ పెడితే ఏం పోయింది?