హంసపాదు ఎందుకు పుట్టినట్టు?

నెల రోజులుగా ఒక సందేశం తిరుపతి సాహిత్య బృందాలన్నిటిలోనూ తిరుగుతోంది. నా ఫోనుకే ఐదుసార్లు వచ్చింది. అందులో ఉన్నది ఇది: "అసలైన రచయితకు ప్రేరణ కలిగితే కలం ఆగదు. పోతన, అన్నమయ్య, మన తిరుపతిలో పుట్టిన తిరుపతి వేంకట కవులు ఎవ్వరూ రాసింది దిద్దుకోలేదు. దిద్దితే రచనలో జీవం పోతుంది. రోజూ ఇంత అని కూర్చుని రాయడం గుమాస్తా పని. ఎక్కువ చదివితే సొంత గొంతు పోతుంది. మన ఊరి మాటలు విన్నవి విన్నట్టు రాస్తే చాలు, అదే సాహిత్యం." కింద జోడించిన చేతుల బొమ్మ, పదిమందికి పంపమని విన్నపం.

నేను రచయితను కాను. గోవిందరాజస్వామి గుడికి దగ్గరలో ఒక అచ్చాఫీసులో 22 ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. రచయితలు వేదికల మీద ప్రేరణ గురించి చెప్పేది సాయంత్రం వింటాను, వాళ్ల రాతప్రతి మర్నాడు పొద్దున చూస్తాను. రెంటికీ పొంతన తక్కువ. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

అన్నమయ్యతో మొదలుపెడతాను. ఈ వాదనకు ఆయనను సాక్షిగా పిలవడానికి చాలా ధైర్యం కావాలి. ఆయన పాటలు చెక్కిన రాగిరేకుల మీది మాట ప్రకారం ఆయన పదహారో ఏట, 1424లో, సంకీర్తనలు చెప్పడం మొదలుపెట్టారు. 1503లో కన్నుమూశారు. మధ్యలో 79 ఏళ్లు. సంప్రదాయం చెప్పే 32,000 సంకీర్తనలను ఆ రోజుల మీద పంచి చూడండి, రోజుకు ఒకటికి కాస్త పైమాటగా తేలుతుంది. జ్వరం తగిలిన రోజు, ఇంట్లో పెళ్లి జరిగిన రోజు, కొండ ఎక్కి అలసిన రోజు కూడా లెక్కలోకి వస్తేనే అది సాధ్యం. పూనకం కోసం ఎదురుచూసే మనిషి దగ్గర ఈ లెక్క కుదరదు. సందేశం గుమాస్తా పని అని ఈసడించింది సరిగ్గా ఈ పనినే.

అంతటితో అయిపోలేదు. సంకీర్తన ఎలా ఉండాలో చెప్పే లక్షణ గ్రంథాన్ని అన్నమయ్యే సంస్కృతంలో రాశారు. ఆ మూలం దొరకలేదు, మనుమడు చినతిరుమలాచార్యుడి తెలుగు సేత ఒక్కటే మనకు మిగిలింది. తాను చేసే పనికి నియమాలు రాసుకున్న మనిషి ఆ పనిని కళ్లు మూసుకుని చేశాడంటే నమ్మడం కష్టం. ఇక తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో దొరికిన రేకుల మీద సుమారు 14,000 పాటలున్నాయి. రాగి మీద ఉలి దిగితే వెనక్కి తీసుకోవడం కుదరదు. చెక్కేవాడి చేతికి అందే ముందు ఆ పాటలను ఎవరో ఒకరు కూర్చుని సరిచూసి ఉండాలి, నాలాంటివాడు ఒకడు అక్కడా ఉండి ఉంటాడని నా చిన్న ఆశ. మొదటి పల్లవి ఎక్కడి నుంచి వచ్చిందంటే వేంకటేశ్వరుడి దయ అంటారు భక్తులు. కాదనను. నా పేచీ అంతా పల్లవి వచ్చాక జరిగే పని గురించే.

పోతన విషయంలో సందేశం రాసినవారు సగం కథే విన్నారు. పలికించేవాడు రామభద్రుడని ఆయన చెప్పుకున్న మాట నిజమే. కానీ జనం కట్టుకున్న కథ ఏమిటి? వైకుంఠాన్ని వర్ణించే పద్యం మొదలుపెట్టి, ముందుకు సాగక, గంటం పక్కన పెట్టి ఆయన బయటికి వెళ్లారు. ఆయన రూపంలో రాముడు వచ్చి మిగతాది పూరించి వెళ్లాడు. జరిగిందా లేదా అన్నది వదిలేయండి. ఆ కథ అల్లినవారికి కూడా పోతనంతటివాడి కలం ఆగుతుందని తెలుసు.

తిరుపతి వేంకట కవులు తిరుపతిలో పుట్టలేదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి పేరులోని తిరుపతి అది. ఆయనా చెళ్లపిళ్ల వేంకట శాస్త్రీ గోదావరి సీమవారు. అవధానాల్లో అప్పటికప్పుడు పద్యం చెప్పిన మాట నిజం. దాని వెనుక గురువు దగ్గర చేసిన వ్యాకరణ పాఠాలు, కంఠస్థం చేసిన కావ్యాలు ఉన్నాయి. చదివితే గొంతు పోతుందన్న వాదానికి వాళ్ల పేరు వాడుకోవడం మరీ విడ్డూరం.

దిద్దితే జీవం పోతుందా? కన్యాశుల్కం 1892లో రంగస్థలం ఎక్కింది, 1897లో అచ్చయింది. గురజాడ అక్కడితో వదల్లేదు. దాన్ని దాదాపు కొత్తగా తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేశారు. ఇప్పుడు మనం చదివి నవ్వుకునేది, వేదికల మీద చూసేది ఆ రెండోదాన్నే.

రోజువారీ రాత గురించి ఇంకొక్క మాట. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కథకుడు మధురాంతకం రాజారాం బడిపంతులు, నవలాకారుడు కేశవరెడ్డి వైద్యుడు. బడి, ఆసుపత్రి పోను మిగిలిన గంటల్లో రాసేవారికి ప్రేరణ దయ తలచేదాకా ఆగే తీరిక ఎక్కడిది?

ఊరి మాటలు విన్నవి విన్నట్టు రాస్తే చాలన్న వాక్యం దగ్గర నాకు నవ్వు వచ్చింది. పదేళ్ల కిందట ఒక పెద్దాయన కథల రాతప్రతి నా బల్ల మీదికి వచ్చింది. చిత్తూరు పక్క పల్లెలో ఒక ముసలమ్మ పొలం గట్టు మీద కూర్చుని ఉండే కథ. ఆయన మొదట "గట్టు" అని రాశారు. కొట్టేసి పైన, గట్టుకే మా పక్క పల్లె మాట, "గెనిమ" అని రాశారు. దాన్నీ కొట్టేసి మళ్లీ "గట్టు". చివరికి తేల్చిన లెక్క ఇది: కథకుడు చెప్పే చోట గట్టు, ముసలమ్మ నోట్లో గెనిమ. ఆ ఒక్క మాట కోసం మూడు పేజీల్లో నీలం సిరా, ఎర్ర సిరా, పెన్సిలు కలిసి ఉన్నాయి. విన్నది ఆయన చిన్నప్పుడే విన్నారు. దాన్ని ఎక్కడ ఉంచాలో తెలుసుకోవడానికి మాత్రం అన్ని రంగులు కావలసి వచ్చాయి.

ఆ ప్రతి నిండా హంసపాదులే. కొత్తవారికి ఈ మాట తెలియదేమో, పంక్తిలో వదిలిపోయిన మాటను ఇరికించడానికి కింద పెట్టే గుర్తు అది. హంస అడుగులా ఉంటుందని ఆ పేరు. రాసిన పంక్తి దగ్గరికి ఎవరూ తిరిగి రాకపోతే, ఆ గుర్తుకు ఇంత అందమైన పేరు పెట్టే అవసరం ఎవరికి వచ్చింది?

ఈ సందేశాన్ని నాకు మొదట పంపిన కుర్రవాడు తన నవలను కూడా తెచ్చి ఇచ్చాడు. "సార్, అక్షరదోషాలు మాత్రం చూడండి, వాక్యాల జోలికి వెళ్లకండి. పదకొండు రాత్రుల్లో ఏకధాటిగా వచ్చింది" అన్నాడు. చెప్పినట్టే చేశాను. ఏడో పేజీలో సుజాతగా ఉన్న కథానాయిక ఇరవయ్యో పేజీకి సునీత అయింది. అది అక్షరదోషం కిందికి వస్తుందో రాదో తేల్చుకోలేక అంచున ఒక ప్రశ్నార్థకం పెట్టి పంపాను. ఇంకా జవాబు రాలేదు. మంచి చూపున్న పిల్లవాడే, అలిపిరి మెట్ల మీద పూలమ్మే ఆవిడ గురించి రాసిన రెండు పేజీలు బాగున్నాయి.

మొన్న ఆదివారం అదే సందేశం ఐదోసారి వచ్చింది. ఈసారి జాగ్రత్తగా చదివాను. "మన తిరుపతిలో పుట్టిన" అన్న చోట "తెలుగు నేల మీద పుట్టిన" అని ఉంది. ఎవరో దిద్దారు.