గ్యాస్ రెగ్యులేటర్ గారికి, పర్లాకిమిడి నుంచి

అయ్యా రెగ్యులేటర్ గారూ,

నమస్కారం. మాది ఒడిశా-ఆంధ్రా సరిహద్దులోని పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడ్డ నాటి నుంచి మా ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా. పోలీసు ఉద్యోగంలో చేరాక పరేడ్ గ్రౌండు హిందీ కూడా వచ్చి పడింది. మీ పరిచయం ఆ హిందీలోనే జరిగింది.

7.62 ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్) రైఫిల్లో, ముందు సైటు వెనకాల, అంకెలు చెక్కిన చిన్న రింగు మీరు. మీకంటే పెద్ద సామాన్లు ఆ తుపాకీలో చాలానే ఉన్నాయి. కానీ మాకు ఫైరింగ్ నేర్పే ఉస్తాద్ తిట్లన్నీ మీ గురించే.

తూటా బ్యారెల్లో పరిగెడుతుంటే, దాని వెనకున్న గ్యాస్ కొంత ఓ చిన్న కన్నంలోంచి పైకి మళ్లి పిస్టన్‌ని గెంటుతుంది. పిస్టన్ బోల్టుని ఒక్క పోటు పొడిచి, స్ప్రింగు నెట్టగానే తన చోటికి వెళ్లి కూర్చుంటుంది. (మా సరిహద్దుకి బదిలీ మీద వచ్చే ఆఫీసర్లదీ ఇదే పద్ధతి.) బోల్టు వెనక్కి పోతూ ఖాళీ ఖోఖాని, అంటే పేలిన తూటా తొడుగుని, బయటికి విసిరి, ముందుకొస్తూ కొత్త రౌండు ఎక్కిస్తుంది. ఇందులో మీరు చేసేదల్లా అక్కర్లేని గ్యాస్‌ని మీ కన్నంలోంచి గాల్లోకి వదిలెయ్యడం.

"కన్నం బాగా తెరువు. ఒక్కో రౌండూ పెట్టి కాల్చు. ఖోఖా ఇరుక్కుంటే కాస్త మూయి. సరిగ్గా ఆడాక ఇంకో రెండు మెట్లు మూసి వదిలెయ్, మసి పట్టినా ఆగదు," అన్నాడు ఉస్తాద్. ఇంతే విద్య. నాకు మాత్రం అంత ఓపిక లేకపోయింది. గ్యాస్ ఎంత ఎక్కువైతే తుపాకీ అంత హుషారుగా ఆడుతుంది కదా అని మిమ్మల్ని పూర్తిగా మూసేశాను. భుజం వాచిపోయింది. ఖోఖాలు కొరాపుట్ ఎర్రమట్టి గట్టు దాటి తుప్పల్లో పడ్డాయి. ఫైరింగ్ అయ్యాక ఖోఖాలు లెక్కపెట్టి కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, అప్పజెప్పాలి కదా, ఒకటి తక్కువొచ్చింది. చీకటి పడేదాకా నలుగురం ముళ్లల్లో పాకాం. మిగతా ముగ్గురూ ఆ రోజు నన్ను పిలిచిన పేర్లు ఇక్కడ రాయలేను.

అప్పుడే అర్థమైంది మీ విలువ. మా వైపు గ్యాస్ కొట్టేవాళ్లకి కొదవ లేదు. కొరాపుట్ జిల్లా కొటియా పల్లెల్నే చూడండి. మావంటే మావని ఒడిశా, ఆంధ్రా రెండూ అంటాయి. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టు మెట్లెక్కింది. ఓట్లొస్తే రెండు పక్కల నుంచీ జీపులు, మైకులు. ఒకరు తెలుగులో కొడతారు గ్యాస్, ఇంకొకరు ఒడియాలో. వదిలే కన్నం మాత్రం ఏ మైకుకీ ఉండదు.

అందుకే మనవి. రిటైరై ఏదైనా కోత్‌లో తుప్పు పడుతుంటే మా ఊరు రండి. కొందరి గొంతుల మీద బిగించి, రెండు మెట్లు తెరిచి ఉంచుతాను. కిరాయి ఏమీ ఇవ్వలేను గానీ, నూనె, తుడిచే చిందీ గుడ్డ నావే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హవల్దారు

తా.క.: ఆ ఖోఖా దొరికిందా? లెక్కలో ఇంకా ఒకటి తక్కువే ఉంది.