అధికారం అమరావతి దాటి కిందికి రావాలి

రాయలసీమకు జరిగిన అన్యాయం గురించి మాట మొదలైతే తిరుపతిలో టీ కొట్టు దగ్గరైనా శ్రీబాగ్ ఒప్పందం ప్రస్తావన రాక మానదు. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకివ్వాలని, నదీజలాల్లో సీమకు ముందు చోటు ఉండాలని 1937లో పెద్దలు రాసుకున్న మాట అది. 1953లో కర్నూలు రాజధాని అయింది, మూడేళ్లకే హైదరాబాద్‌కు తరలిపోయింది. ఆ బాధ నిజమైనదే. కానీ రేపు హైకోర్టు కర్నూలుకొచ్చినా నగరి రైతు పొలానికి గాలేరు-నగరి ప్రాజెక్టు నీళ్లు పారవు. తిరుపతి వీధుల్లో డ్రైనేజీ బాగుపడదు. మన ఊరి సంగతి మనమే తేల్చుకునే హక్కు కోసం సీమ ఇంకా గట్టిగా అడగాలి.

తిరుపతినే చూడండి. 2007లో కార్పొరేషన్ అయింది. తొలి ఎన్నికలు 2021లో జరిగాయి. ఆ పద్నాలుగేళ్లూ మేయర్ లేరు, కార్పొరేటర్లు లేరు, ప్రత్యేకాధికారుల పాలనే. కుళాయిలో నీళ్లు రాకపోతే నిలదీయడానికి వార్డులో మనిషి లేడు, ఆఫీసుకెళ్లి అర్జీ ఇచ్చి రావడమే. పాలకవర్గం గడువు ముగిసేలోపే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగంలోని 243యు అధికరణం స్పష్టంగా చెబుతోంది. ఆ కాలంలో కాంగ్రెస్, తెలుగుదేశం, వైసీపీ మూడూ రాష్ట్రాన్ని ఏలాయి. కాబట్టి ఈ తప్పు ఒక్క పార్టీది కాదు.

ఎన్నికలు జరిగినా పగ్గాలు మాత్రం చేతికి రాలేదు. రాజ్యాంగ 74వ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్లో పట్టణ పాలక సంస్థలకు అప్పగించదగ్గ 18 అంశాలుంటే, మొదటిదే పట్టణ ప్రణాళిక. ఇక్కడ మాస్టర్ ప్లాన్ తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) చేతిలో ఉంది. దాని చైర్మన్‌ను ప్రభుత్వమే నియమిస్తుంది, ప్రభుత్వం మారితే చైర్మనూ మారతాడు. ఓటేసిన జనానికి ఆయన జవాబుదారీ ఎలా అవుతాడు?

2022లో తిరుపతి జిల్లా వచ్చినప్పుడు కలెక్టరేట్ దగ్గరైందని అందరం సంతోషించాం. కానీ జిల్లా పరిషత్‌లను పాత జిల్లాలతోనే ఉంచారు. సూళ్లూరుపేట వాళ్లకు కలెక్టర్ తిరుపతిలో, జడ్పీ నెల్లూరులో! అధికారిని దగ్గరికి తెచ్చి, ఎన్నికైన సభను దూరంగా ఉంచడం నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

విభజన హామీల కోసం రాష్ట్రం ఢిల్లీని నిలదీస్తోంది, అది న్యాయమే. అదే న్యాయం తన కింద ఉన్న ఊళ్లకూ చేయాలి. తుడాను ఎన్నికైన పాలకవర్గం కిందికి తేవాలి. జిల్లా ప్రణాళికా సంఘంలో ఐదింట నాలుగు వంతుల మంది స్థానిక సంస్థల నుంచి ఎన్నికైన వాళ్లే ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది గనుక, ఏ చెరువుకు, ఏ రోడ్డుకు ముందు డబ్బు పెట్టాలో ఆ సంఘంలోనే తేలాలి.