చెక్కు కన్నా ముందు రెండు గంటలు

పేదింటి ఆడపిల్ల పెళ్లికి తెలంగాణ సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి చెక్కులు పరకాలలోనో నర్సంపేటలోనో పంచే రోజు వెళ్లి చూడండి. టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో తల్లులు, పక్కనే కూతుళ్లు, కొందరి చంకలో పసిపిల్లలు. పెళ్లికని పెట్టిన దరఖాస్తు తొట్లెల నాటికి తేలుతుంది. అది వేరే కథ.

2014లో 51 వేలతో మొదలైన ఈ సాయం 2018కి 1,00,116 రూపాయలైంది. ఆధార్, కులం, ఆదాయం, పెళ్లి పత్రిక, ఫొటో అన్నీ అడుగుతారు. అమ్మాయికి 18 నిండాయా అనీ చూస్తారు, మంచిదే. అబ్బాయికి అప్పులెన్ని, తాగుడుందా, పెళ్లయ్యాక అమ్మాయి చదువు సంగతేంటి అని ఆ ఇద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకునే సందర్భం మాత్రం ఇటు ఆఫీసులోనూ లేదు, అటు ఇంట్లోనూ లేదు. హింసకు గురైన ఆడవాళ్లకు సాయపడే సఖి కేంద్రాలు, 181 హెల్ప్‌లైన్ నంబరు, ఫ్యామిలీ కోర్టు ఉన్నాయి. వాటి అవసరం వాటిది. కానీ అవన్నీ చెయ్యి లేచిన తర్వాతి సంగతులు.

అందుకే పెళ్లికి ముందే, సర్కారు ఖర్చుతో, జంటలకు పాఠాలు చెప్పాలంటున్నాం. అయితే వీటితో కాపురాలన్నీ నిలబడతాయని చెప్పం. అమెరికా 2005 నాటి చట్టంతో ఇలాంటి కార్యక్రమాలకు ఏటా 15 కోట్ల డాలర్ల దాకా కేటాయించింది. పెళ్లికాని పేద జంటలకు 8 చోట్ల పాఠాలు చెప్పి చూస్తే, కలిసి ఉండటంలో మొత్తమ్మీద తేడా కనపడలేదు. ఓక్లహామాలో కొంత మేలు జరిగితే బాల్టిమోర్‌లో ఉల్టా అయింది. అసలు చాలా జంటలు క్లాసు మొహమే చూడలేదు.

కాబట్టి లెక్క చూడాల్సింది ఎన్ని విడాకులు ఆగాయని కాదు. తొలి దెబ్బకే ఎక్కడికి పోవాలో ఎంతమంది అమ్మాయిలకు తెలిసింది, కట్నం 1961 నుంచీ నేరమేనని ఎంతమంది అబ్బాయిలు ఎదురుగా కూర్చుని విన్నారు అన్నది చూడాలి. ‘సర్దుకుపో బిడ్డా’ అనడానికి మళ్లీ జీతమిచ్చి మనిషిని పెట్టక్కర్లేదు, ఆ మాట ఊళ్లో ఉచితంగానే దొరుకుతుంది. స్టేషన్‌లో జరిగే పంచాయితీకి కౌన్సెలింగ్ అని పేరు పెట్టే అలవాటు ఇక్కడికి రాకూడదు. చెక్కుకు దీన్ని షరతుగానూ పెట్టొద్దు. పెడితే మీసేవలో ఇంకో సర్టిఫికెట్ పుడుతుంది, దానికో రేటూ పుడుతుంది.

పెళ్లి బట్టలకని ఊళ్ల నుంచి రెండు కుటుంబాలూ ఎట్లాగూ వరంగల్ చౌరస్తాకు వస్తాయి. ఆ దగ్గర్లోనే ఒక హాలు చూసి, ఆ పూటే రెండు గంటలు కూర్చోబెట్టండి. భోజనం కూడా పెట్టండి. అబ్బాయి రాకపోతే మాత్రం క్లాసు మొదలుపెట్టొద్దు.