ఎగుమతిదారుడి దిగుమతి

పొలానికి పాస్‌పుస్తకం ఉంది. ఇంటికి దస్తావేజు ఉంది. ఒంగోలు గిత్తకైతే తల్లిదండ్రుల ఊరూ పేరూ చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. పాత మెయిళ్ల ఫైలుకు మాత్రం ఈ ప్రకాశం జిల్లాలో దిక్కూ దివాణం లేదు. ఈ అన్యాయాన్ని అధికారుల దృష్టికి తీసుకువెళ్లే బాధ్యత, చీమకుర్తిలో ఒక గ్రానైట్ యజమాని దగ్గర లెక్కలు రాసుకునే రిటైర్డ్ మాస్టారినైన నా మీద పడింది.

మా యజమాని కొత్త కంప్యూటర్ కొన్నారు. దానితో నిమ్మకాయ తొక్కించే వీలు లేదు గనుక మానిటరుకు పసుపూ కుంకుమా పెట్టించి ఊరుకున్నారు. ఆ వెంటనే "నా పాత మెయిళ్లేవి?" అన్నారు. అవి ఒక డీవీడీలో ఉన్నాయి. 2001లో ఔట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రాంలో పుట్టి, పన్నెండేళ్లు మేసి, 1.8 జీబీకి బలిసిన ఒకే ఒక్క పీఎస్‌టీ ఫైలు, అంటే ఔట్‌లుక్ మెయిళ్లన్నిటినీ కట్టి దాచే మూట. మా గెలాక్సీ గ్రానైట్ ధర అడిగి మాయమైన విదేశీయులు, కంటైనర్ ఇంకా ఓడెక్కలేదని చెన్నై నుంచి వచ్చిన సంజాయిషీలు, పదిమందికి పంపకపోతే అరిష్టమని బెదిరించిన దేవుళ్లు, అందరి కాపురమూ అందులోనే. పదేళ్లుగా ఎవరూ తొంగిచూడలేదు. అందుకే అది అమూల్యం.

కంప్యూటర్ కుర్రాడు ముందు డీవీడీలోంచే తెరవబోయాడు. కుదరలేదు. ఈ ఫైలును ఊరికే చదువుకోవాలన్నా ఔట్‌లుక్‌కు అందులో రాసే హక్కు ఉండాలట. చూసిపోదామని వచ్చినవాడు కూడా సంతకం పెట్టితీరాలన్న ఈ నిబంధన విన్నాక, ఇది మన కచేరీల్లో పెరిగిన బుర్రే అని నాకు ఆత్మీయత కలిగింది.

ఫైలును హార్డ్‌డిస్కుకు ఎక్కించాక మిగిలిన పని రెండు నిమిషాలది. ఫైల్ మెనూలో 'ఓపెన్ అండ్ ఎక్స్‌పోర్ట్'కు వెళ్లి, డేటా ఫైల్ తెరిచే మాట నొక్కి, ఫైలు ఎక్కడుందో చూపిస్తే చాలు. పాత ఫోల్డర్లన్నీ ఎడమపక్కన వచ్చి కూర్చుంటాయి. కుర్రాడు అదే చేయబోతుండగా, అక్కడే ఉన్న 'ఇంపోర్ట్' అన్న మాట యజమాని కంట పడింది.

ఆయన బాధ అర్థం చేసుకోవాలి. పాతికేళ్లుగా ఎగుమతి తప్ప మరొకటి ఎరగని మనిషి. "ఎంతసేపూ పంపడమేనా మాస్టారూ, ఒక్కసారి మనమూ తెప్పించుకుందాం" అన్నారు. తెరవడమంటే ఫైలును ఉన్నచోటే ఉంచి చూసుకోవడమనీ, దిగుమతి అంటే నకలు తీసి కొత్త ఫైలులో పోయడమనీ కుర్రాడు విన్నవించాడు. "తెప్పించు బాబూ" అన్నారు. పని ఎంతైందో చూపే గీత సగంలో కదలడం లేదని రద్దు చేయించి, మళ్లీ మొదటినుంచీ పెట్టించారు. ఒకే మెయిల్ రెండుసార్లు వస్తే రానివ్వాలా అని కంప్యూటర్ అడిగింది. "ఏదీ పోకూడదు, రానివ్వు." సాయంత్రానికి మా బాకీదారుల్లో సగం మంది ఇద్దరేసి అయ్యారు. రావలసిన సొమ్ము అంత నిండుగా కనిపించడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదలు.

తర్వాత పెద్దరికం తగువు. కొత్త మెయిల్ వచ్చి పడే ఫైలుకు అకౌంట్ సెట్టింగ్స్‌లో, డేటా ఫైల్స్ దగ్గర, 'సెట్ యాజ్ డిఫాల్ట్' నొక్కి, ఔట్‌లుక్‌ను మూసి తెరిస్తే పట్టాభిషేకం అయినట్టే. వయసులో పెద్దది గనుక పాత ఫైలుకే కిరీటం పెట్టాలని యజమాని పట్టు. అయితే 2003కు ముందటి ఔట్‌లుక్ ఫైలు 2 జీబీ దాటి పెరగలేదు. మిగిలిన ఆ కాస్త చోటు ఈయన పంపే స్లాబుల ఫోటోలకు నెల కూడా రాదు. ఇప్పటి ఫైలుకు మామూలుగా 50 జీబీ దాకా ఊపిరి ఉంది. చివరికి నేను మధ్యవర్తిత్వం చేశాను. మన ఇళ్లలో చేసే పనే: పెద్దాయనను గౌరవంగా పక్కగదిలో కూర్చోబెట్టి, తాళాలగుత్తి కోడలికి ఇచ్చాం.

దిగుమతి సరుకంతా తుడిపించి, పాత ఫైలును మామూలుగా తెరిచి పక్కన పెట్టించాను. ఇంత తుడిచాక ఎంత తేలికపడిందో చూడాలని యజమానికి ముచ్చట పుట్టింది. కొత్త ఫైలు రవ్వంత కూడా తగ్గలేదు. డిలీటెడ్ ఐటమ్స్ ఖాళీ చేయించారు. అప్పుడూ అంతే. మెయిల్ వెళ్లిపోయినా అది ఉన్న చోటు ఫైలులో ఖాళీగా మిగిలే ఉంటుందనీ, వెంటనే తగ్గాలంటే 'కాంపాక్ట్ నౌ' నొక్కాలనీ, చాలాసేపు పట్టవచ్చనీ కుర్రాడు చెప్పాడు.

యజమాని కిటికీలోంచి రామతీర్థం వైపు చూశారు. రాయి ఓడెక్కి పోయిన చోట, పాత క్వారీ గుంతలో వాననీళ్లు పచ్చగా నిలిచి ఉన్నాయి.

"వదిలేయ్ బాబూ. ఈ ఊళ్లో తీసిన గుంత ఎవరు పూడ్చారు గనుక?"